పిల్లల వాలెంటైన్ కార్డులు: రంగుల్లో ప్రింట్ తీసివ్వాలా, గీతల బొమ్మ ఇచ్చి వాళ్లతోనే చేయించాలా?

ఒకటో తరగతి టీచర్:
తరగతిలో 25 మంది, అందరూ 5–6 ఏళ్ల వాళ్లు. ఫిబ్రవరి 14న ప్రతి ఒక్కరూ మిగతా అందరికీ కార్డు ఇవ్వాలని నియమం. రంగుల కార్డు ప్రింట్ తీసి పేరు రాయిస్తే సరిపోతుందని కొందరు టీచర్లు, అది పిల్లల కార్డే కాదని మరికొందరు. ఇంక్‌జెట్ ప్రింటర్, ఏ4 కాగితం ఉన్నాయి. మీరేమంటారు?

రంగులడబ్బా:
గీతల బొమ్మే ఇవ్వండి. రంగుల ప్రింటు మీద పిల్లలకు చేయడానికి ఏమీ మిగలదు. గీత మాత్రం 2 మిల్లీమీటర్ల మందం ఉండాలి. సన్న గీతల పూలు, చిన్న చిన్న గళ్లు పెడితే క్రేయాన్ మొన పట్టదు, రంగంతా బయటికి పోతుంది. బొమ్మకు నాలుగైదు పెద్ద గళ్లు చాలు. గ్లాసీ కాగితం అసలు వద్దు, మైనం జారిపోతుంది.

లెక్కపక్కా:
రంగులడబ్బా గారూ, ఒక్కసారి లెక్క చూడండి. 25 మంది, తలా 24 కార్డులు, మొత్తం 600. ఏ4కి నాలుగు చొప్పున వేస్తే 150 షీట్లు. అయిదేళ్ల పిల్లతో 24 బొమ్మలకు రంగు వేయించడమంటే శిక్షే. మొదటి మూడు ముద్దుగా వస్తాయి, తర్వాతవన్నీ ఒకే గీకుడు. ఆ గీకుడు కార్డు అందుకున్న పిల్లాడు పక్కవాడి దానితో పోల్చుకుంటాడు, అది ఇంకా బాధ. షీటుకు 8 కార్డులు రంగుల్లో వేయండి, ఒక్కోటి 105×74 మిల్లీమీటర్లు వస్తుంది. పిల్లకు మూడు షీట్లతో సరి. ఎవరికి అన్నది ఖాళీగా వదిలి, ఎవరు ఇస్తున్నారో ఆ పేరు మాత్రం రాయించండి. అప్పుడు పంచేటప్పుడు పేర్లు వెతుక్కోనక్కర్లేదు. రోజుకు ఆరు చొప్పున నాలుగు రోజుల్లో అయిపోతుంది.

రంగులడబ్బా:
పేరు 24 సార్లు రాయడం మాత్రం శిక్ష కాదా? అందరికీ 24 అనే నియమాన్నే మార్చాలి. చీటీలు తీసి ఒక్కొక్కరు ఒక్కరికి, పెద్ద కార్డు, మనసు పెట్టి చేసింది ఇస్తే చాలు. మొత్తం 25 కార్డులు.

లెక్కపక్కా:
చీటీ తీసి కార్డు ఇవ్వాల్సినవాడు ఆ రోజు బడికి రాకపోతే? ఒక పిల్లకు ఏదీ అందదు. కనీసం మూడు అదనపు కార్డులు టీచర్ దగ్గర సిద్ధంగా ఉంటేనే ఆ పద్ధతి ఒప్పుకుంటాను.

ప్రింటింగ్ పనివాడు:
ఏది ఎంచుకున్నా ప్రింటు దగ్గర చెడేవి ఇవి. ప్రింటు సెట్టింగుల్లో ‘ఫిట్ టు పేజ్’ ఉంటే బొమ్మ కొంచెం కుంచించుకుపోతుంది, కత్తిరించే గీతలు అనుకున్న చోట పడవు. ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం పెట్టండి. అంచుల్లో 6 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. ఫైల్ పీడీఎఫ్‌గా సేవ్ చేయండి, లేకపోతే ఇంకో కంప్యూటర్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. మడిచే కార్డుకు 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) కాగితం బాగుంటుంది. 80 జీఎస్ఎం మీద నీళ్ల జిగురు రాస్తే అలలు తేలుతుంది, గ్లూ స్టిక్ వాడండి. ఇంక్‌జెట్ సిరా చాలావరకు తడి తగిలితే పాకుతుంది, అందుకని ప్రింటు మీద స్కెచ్ పెన్నులు కాదు, క్రేయాన్లే. మడత గీతను స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో ముందే గట్టిగా నొక్కి ఉంచండి. రంగు వేశాకే మడవాలి. ముందే మడిస్తే క్రేయాన్ ఆ మడత అంచు మీద ముదురు చారలా పడుతుంది.

కత్తెర క్లాసు:
రంగులడబ్బా, లెక్కపక్కా ఇద్దరూ కత్తిరింపు సంగతే మర్చిపోయారు, పిల్లల చేతికి అసలు పని అక్కడే ఉంది. కాగితం మడిచి సగం హృదయం కత్తిరించే రకం ప్రింట్ తీయండి. అందులో మామూలుగా జరిగే పొరపాటు ఒకటే: తెరిచి ఉన్న వైపు పట్టుకుని మడతనే కత్తిరించేస్తారు, రెండు ముక్కలు చేతికొస్తాయి, ఏడుపు మొదలవుతుంది. మడత మీద బొటనవేలంత నల్ల చుక్క ప్రింట్ చేసి ‘ఇక్కడ పట్టుకో’ అని చూపించండి. వాళ్లు చుక్క పట్టుకున్నారంటే మడత తెగదు. ఎడమచేతి వాటం పిల్లలకు అదే బొమ్మను అద్దంలోలా తిప్పి వేరే షీటు తీయాలి, ఎడమచేతి కత్తెరా ఇవ్వాలి. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే గీత కనపడదు, కాగితం కోసుకోకుండా మధ్యలో మడతపడుతుంది. ఇది 24 సార్లు చేయించే పని కాదు గనక నేను చీటీల పక్షమే.

ఒకటో తరగతి టీచర్:
అయితే ఇంటికి తీసుకెళ్లడానికి సగం హృదయం కార్డు తలా ఒకటి, తరగతిలో పంచడానికి షీటుకు ఎనిమిది రంగుల కార్డులు. రంగుల కార్డులకు 75 షీట్లు, పైన సగం హృదయం కార్డులకు 25, చెడిపోతే మార్చడానికి ఓ ఐదు.

రంగులడబ్బా:
ఆ ఎనిమిదింటిలో కూడా బొమ్మ మధ్య హృదయాన్ని తెల్లగా వదలండి టీచర్ గారూ. రంగు వేయాలనిపించిన పిల్లకు చోటుంటుంది, వద్దనుకున్న వాళ్ల కార్డూ అసంపూర్తిగా కనపడదు.