టిక్కీ బరువు తెచ్చే సీ ఫంక్షన్‌కి పైథాన్ నుంచి పాయింటర్లు ఎలా పంపాలి?

మిర్చియార్డు_కాటా (గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి కాటా సాఫ్ట్‌వేర్ రాసిపెట్టాను. టిక్కీ (మిర్చి బస్తా) కాటా మీద పడగానే ఇండికేటర్ (బరువు చూపే పెట్టె) నుంచి బరువు కంప్యూటర్‌లోకి వస్తుంది. రైతు పేరు, రకం, బరువు చీటీ మీద ప్రింటవుతాయి. స్క్రీన్, చీటీ అంతా పైథాన్, ఉబుంటు మీద నడుస్తుంది. ఇండికేటర్ అమ్మినవాళ్లు మాత్రం ఒక సీ లైబ్రరీ, ఒక హెడర్ ఫైలు, పన్నెండు పేజీల పీడీఎఫ్ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. సోర్సు ఇవ్వలేదు. ఆ లైబ్రరీని స్విగ్‌తో (సీ కోడుని వేరే భాషలకి కలిపే టూల్) పైథాన్‌కి కలిపాను.

మూడు ఫంక్షన్ల దగ్గర ఇరుక్కున్నాను. పేర్లు అర్థమయ్యేలా మార్చి రాస్తున్నాను:

ఇంట్ బరువు_చదువు(ఇంట్ పోర్టు, ఇంట్ *గ్రాములు, ఇంట్ *సంచి, ఇంట్ *నిలకడ);
ఇంట్ చిట్టా_చదువు(ఇంట్ పోర్టు, ఇంట్ *బరువులు, ఇంట్ *ఎన్ని);
చార్ *చీటీ_తెచ్చు(ఇంట్ పోర్టు);

మొదటి దాన్ని బరువు_చదువు(1, 0, 0, 0) అని పిలిస్తే టైప్ ఎర్రర్ వచ్చింది. రెండో ఆర్గ్యుమెంట్ ఇంట్ స్టార్, అంటే ఇంట్ ఉన్న చోటి చిరునామా పట్టుకునే పాయింటర్, అయి ఉండాలట. స్విగ్ మాన్యువల్ తిరగేస్తే సీపాయింటర్ అనే లైబ్రరీ కనబడింది. దాంతో న్యూ_ఇంట్‌పీ అని మూడు పాయింటర్లు చేసి పంపుతున్నాను, ఇంట్‌పీ_వాల్యూతో విలువలు తీసుకుంటున్నాను. 43 కిలోల 520 గ్రాముల తేజ టిక్కీ పెడితే స్క్రీన్ మీద 43520 అని పడింది. ఆ రోజు నిజంగా కడుపు నిండిపోయింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. సెకనుకి ఐదుసార్లు బరువు చదువుతాను, ప్రోగ్రాం మెమరీ రోజురోజుకీ పెరిగిపోతోంది. రెండోది ఇంకా ఘోరం. చిట్టా_చదువు అంటే ఇండికేటర్‌లో దాచిన పాత బరువులన్నీ ఒకేసారి తెచ్చేది. ఇంట్లో నాలుగైదు తూకాలు వేసి చూస్తే చక్కగా వచ్చాయి. యార్డులో మధ్యాహ్నం పిలిస్తే ప్రోగ్రాం కుప్పకూలింది. అదీ ఆ లైను దగ్గర కాదు, కాసేపయ్యాక చీటీ ప్రింటు చేస్తుంటే. అరవై టిక్కీలు వరసలో ఉన్నాయి, హమాలీలు నిలబడిపోయారు, రైతులు నా మొహంలోకి చూస్తున్నారు. ఆ టెన్షన్ మళ్లీ పడలేను. ఒక్కోసారి బరువు సున్నా అని కూడా వస్తోంది.

పైథాన్ నుంచి పాయింటర్ పంపడానికి సరైన పద్ధతి ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

బ్రాడీపేట_నాలుగో_లైను (గుంటూరు)

అన్నా, డిలీట్_ఇంట్‌పీ పిలుస్తున్నారా? న్యూ_ఇంట్‌పీ లోపల కాలక్ చేస్తుంది, అంటే మెమరీలో జాగా అడుగుతుంది. పైథాన్ ఆబ్జెక్టు పోయినా ఆ జాగా పోదు, మనమే వదలాలి. లెక్క వేశాను: రీడింగుకి 3 పాయింటర్లు, సెకనుకి 5 రీడింగులు, పది గంటలు. మొత్తం 5,40,000. మీరు అడిగేది 4 బైట్లే అయినా 64 బిట్ లినక్సులో ఆ జాగా పంచే మాలక్ ఒక్కోదానికీ కనీసం 32 బైట్లు తీసుకుంటుంది. అంటే రోజుకి 17 ఎంబీ పైమాటే.

మిర్చియార్డు_కాటా

పిలవడం లేదు తమ్ముడూ. పైథానే సర్దుకుంటుందనుకున్నాను. నా సిస్టమ్ మానిటర్‌లో కనబడేదీ దాదాపు అంతే. చాలా థ్యాంక్స్. చిట్టా సంగతి మాత్రం ఇంకా అంతుబట్టలేదు.

పటమట_పాత_సీ (విజయవాడ)

బాబూ, ఒకప్పుడు మన ఆటోనగర్‌లో లారీల వేబ్రిడ్జికి టీసీఎల్ అనే స్క్రిప్టు భాషతో ఇదే పని చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అప్పుడు స్విగ్ పాయింటర్ టీసీఎల్‌లో ఒక స్ట్రింగులా కనబడేది: అండర్‌స్కోరు, హెక్సా అంకెలు, చివర టైపు పేరు. స్క్రిప్టు భాషకి సీ పాయింటర్ అంటే ఇప్పటికీ అంతే. ఒక చిరునామా, పక్కన టైపు పేరు. ఆ చిరునామా దగ్గర ఎంత జాగా ఉందో, అది ఎవరిదో దానికి తెలియదు.

హెడర్ చదివే స్విగ్‌కీ తెలియదు. మీ హెడర్లో ఐదు చోట్ల ఇంట్ స్టార్ ఉంది, అర్థాలు మూడు. గ్రాములు, సంచి, నిలకడ అనేవి ఫంక్షన్ బయటికిచ్చే ఒక్కో విలువ. బరువులు అనేది బోలెడు విలువలు పట్టే అర్రే. ఎన్ని అనేది, నాకు తెలిసిన ఇలాంటి లైబ్రరీలన్నిట్లో, లోపలికి వెళ్లేటప్పుడు 'ఇంత జాగా ఉంది' అని, బయటికి వచ్చేటప్పుడు 'ఇన్ని నింపాను' అని చెబుతుంది. సీకి ఈ మూడూ ఒకటే టైపు. తేడా ఉన్నది ఆ పన్నెండు పేజీల పీడీఎఫ్‌లోనే. మీ యార్డు భాషలో చెప్పాలంటే సంచి ఎవరిది, ఎవరు నింపుతారు, ఎంత పడుతుంది, చివరికి ఎవరు వెనక్కి తీసుకుంటారు. పాయింటర్ పాయింటర్‌కీ ఈ నాలుగూ కాగితం మీద రాసుకోకుండా స్విగ్‌కి ఇచ్చే ఇంటర్‌ఫేస్ ఫైలు తెరవకండి.

ఇప్పుడు మీ చిట్టా. బరువులు అన్నచోట మీరు ఒక ఇంట్‌పీ పంపి ఉంటారు, ఎన్ని అన్నచోట 500 లాంటి అంకె పెట్టి ఉంటారు. అంటే ఒక్క ఇంట్ పట్టే సంచి ఇచ్చి, ఐదొందలు పడతాయని చెప్పారు. మరి ఇంట్లో ఎందుకు పనిచేసింది? మీరు 4 బైట్లు అడిగినా 64 బిట్ గ్లిబ్‌సీ (లినక్సులోని సీ లైబ్రరీ) ఇచ్చే ముక్కలో వాడుకోదగ్గ జాగా 24 బైట్లు ఉంటుంది, అంటే ఆరు ఇంట్‌లు. నాలుగైదు తూకాలు అందులో ఇమిడిపోయాయి. ఏడోది పక్క ముక్క తాలూకు లెక్కల మీద పడింది. మాలక్ ఆ లెక్కలు మళ్లీ ముట్టుకున్నప్పుడు, అంటే చీటీ ప్రింటులో, కూలింది. తప్పు చిట్టా లైనులో జరిగింది, కేక మాత్రం చీటీలో వినబడింది.

బరువు_చదువుకి సీపాయింటర్ అక్కర్లేదు. టైప్‌మ్యాప్స్ లైబ్రరీలో అవుట్‌పుట్ అనే పేరుతో ముందే రాసిపెట్టిన టైప్‌మ్యాప్ (సీ విలువని పైథాన్ విలువగా మార్చే నియమం) ఉంది. ఇంటర్‌ఫేస్ ఫైల్లో ఆ లైబ్రరీని %ఇంక్లూడ్ చేసి, ఫంక్షన్ డిక్లరేషన్‌కి ముందు ఇలా రాయండి:

%అప్లై ఇంట్ *అవుట్‌పుట్ { ఇంట్ *గ్రాములు, ఇంట్ *సంచి, ఇంట్ *నిలకడ };

అప్పుడు పైథాన్ నుంచి బరువు_చదువు(1) అంటే చాలు. [0, 43520, 500, 1] లాంటి లిస్టు వస్తుంది. మొదటిది ఫంక్షన్ రిటర్న్ విలువ, మిగతావి మూడు పాయింటర్లలో పడినవి. ఆ మూడూ స్విగ్ తయారుచేసే రాపర్ ఫంక్షన్‌లో లోకల్ వేరియబుల్స్, పని అవగానే వాటంతట అవే పోతాయి. మెమరీ పెరగదు. అప్లై పని చేసేది టైపు, పేరు రెండూ కలిసినప్పుడే. హెడర్లో ఆర్గ్యుమెంట్లకి పేర్లు లేకపోతే ఆ డిక్లరేషన్‌ని పేర్లతో మీ ఫైల్లో మళ్లీ రాసుకోవాలి. ఇంకొకటి, అప్లై ఒక్క ఫంక్షన్‌తో ఆగదు. దాని కింద అదే పేరుతో వచ్చే ప్రతి ఆర్గ్యుమెంటుకీ అంటుకుంటుంది. పని అయ్యాక %క్లియర్ రాయండి.

ఇక మీరు చివర్లో ఒక్క వాక్యంలో వదిలేసిన సున్నా బరువు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. కేబుల్ కదిలితే ఫంక్షన్ మైనస్ విలువ తిరిగిచ్చి, పాయింటర్ల జోలికి పోకుండా వచ్చేస్తోంది. కాలక్ జాగాని సున్నాతో నింపి ఇస్తుంది గనక మీకు సున్నా కనబడుతోంది. అవుట్‌పుట్‌కి మారారంటే ఆ రక్షణ పోతుంది. రాపర్‌లోని లోకల్ వేరియబుల్‌కి తొలి విలువ ఉండదు. ఫంక్షన్ ఏమీ రాయకపోతే స్టాక్‌లో అంతకుముందు ఉన్నదే బయటికి వస్తుంది. అదే రాపర్‌ని వెంటవెంటనే పిలుస్తారు కాబట్టి అక్కడ ఉండేది చాలాసార్లు ఇందాకటి విలువే. అంటే ఒక రైతు టిక్కీ బరువు ఇంకో రైతు చీటీ మీద పడుతుంది. సున్నా పడితే ఎవరైనా పట్టుకుంటారు. 43520 పడితే ఎవరూ పట్టుకోలేరు.

కాబట్టి అప్లై రాసిన రోజే %ఎక్సెప్షన్ కూడా రాయండి. అందులో డాలర్ యాక్షన్ (అసలు ఫంక్షన్‌ని పిలిచే చోటు) తర్వాత రిజల్ట్ సున్నా కంటే తక్కువుందేమో చూసి, ఉంటే పైథాన్ ఎక్సెప్షన్ పెట్టి స్విగ్_ఫెయిల్‌కి వెళ్లాలి. అప్పుడు ఆ లిస్టు తయారే కాదు. తప్పుడు బరువు పైథాన్ దాకా వచ్చే దారే ఉండదు.

చిట్టాకి మాత్రం టైప్‌మ్యాప్‌తో కుస్తీ పట్టొద్దు. %అర్రే_క్లాస్ అని ఒకటుంది, పైథాన్ నుంచే 500 ఇంట్‌ల అర్రే చేసి పంపొచ్చు. కానీ అది హద్దు చూడదు, 501వ గదిలో రాసినా ఊరుకుంటుంది. %ఇన్‌లైన్‌లో ఒక చిన్న సీ ఫంక్షన్ రాయడం నాకిష్టం. అది పోర్టు, గరిష్ఠ సంఖ్య తీసుకుని, తనే మాలక్ చేసి, లైబ్రరీని పిలిచి, నిండినన్ని విలువలతో పైథాన్ లిస్టు కట్టి, జాగా ఫ్రీ చేసి, లిస్టు తిరిగివ్వాలి. లైబ్రరీ తప్పు చెప్పిన దారిలో కూడా ఫ్రీ ఉండాలి. ముప్పై లైన్లు కూడా కావు. సంచి పుట్టడం, నిండడం, పోవడం అంతా ఒకేచోట కళ్లముందు ఉంటుంది.

గవర్నర్‌పేట_పైథాన్ (విజయవాడ)

పెద్దాయన చెప్పినదానికి నేను కలపాల్సింది కొంచెమే. మీకున్నవి మూడే ఫంక్షన్లయితే సీటైప్స్ (సీ లైబ్రరీని నేరుగా పిలిచే పైథాన్ మాడ్యూల్) కూడా చూడండి. పైథాన్ 2.5 నుంచి భాషతోపాటే వస్తోంది, కంపైల్ చేసే పని లేదు. సీ_ఇంట్‌లు మూడు చేసి బైరెఫ్‌తో పంపి, డాట్ వాల్యూ చదువుకోవడమే. ఆ సీ_ఇంట్ సున్నాతో మొదలవుతుంది, జాగా బాధ్యత పైథాన్‌దే. అర్రే కావాలంటే సీ_ఇంట్‌ని 500తో గుణించి ఒక టైపు చేసుకోవచ్చు. దాని హద్దుని పైథాన్ తన వైపు నుంచి చూస్తుంది. లైబ్రరీ మీరిందంటే మాత్రం ఆపలేదు.

ఒక్కచోట జాగ్రత్త. రెస్‌టైప్ (తిరిగొచ్చే విలువ టైపు) చెప్పకపోతే ప్రతి ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుందని సీటైప్స్ అనుకుంటుంది. చీటీ_తెచ్చు ఇచ్చేది 64 బిట్ల చిరునామా. అందులో సగం తెగిపోతుంది, ముట్టుకుంటే క్రాష్. అలాగని రెస్‌టైప్‌లో క్యారెక్టర్ పాయింటర్ అని పెడితే పైథాన్ బైట్స్‌గా మార్చి ఇచ్చేస్తుంది, అసలు చిరునామా మీ చేతికి రాదు, ఇక ఫ్రీ చేయలేరు. వాయిడ్ పాయింటర్‌గా తీసుకుని, స్ట్రింగు కాపీ చేసుకుని, ఆ తర్వాత ఫ్రీ చేయాలి. ఆర్గ్‌టైప్స్ (ఆర్గ్యుమెంట్ల టైపులు) కూడా తప్పకుండా రాయండి, లేకపోతే తప్పు టైపు పంపినా అడిగేవాడు ఉండడు.

మిర్చియార్డు_కాటా

గురువుగారూ, పీడీఎఫ్ తొమ్మిదో పేజీలో మీరన్నది ఉన్నదున్నట్టు ఉంది. ఎన్ని అనేది 'లోపలికి సామర్థ్యం, బయటికి నింపిన సంఖ్య'. నేను నిజంగానే 500 పెట్టి ఒక్క ఇంట్‌పీ పంపాను. రాత్రి ఇంట్లో కావాలని ఆరు తూకాలు వేసి పిలిచాను, బాగానే ఉంది. పదిహేను వేసి పిలిచాను, కూలింది. చేతులు వణికాయి.

అవుట్‌పుట్, ఎక్సెప్షన్ రెండూ పెట్టాను. ముందు ఎక్సెప్షన్ లేకుండా ఒకసారి ప్రయత్నించి చూశాను. కాటా మీద 10 కిలోల బాటు పెట్టి చదివి, బాటు తీసేసి, కేబుల్ పీకి మళ్లీ చదివాను. రిటర్న్ మైనస్ 3, గ్రాములు 10000. కాటా మీద అప్పటికి ఏమీ లేదు. ఎక్సెప్షన్ పెట్టాక కేబుల్ పీకగానే స్క్రీన్ మీద 'కాటా తెగింది' అని ఎర్రగా వస్తోంది, చీటీ బటన్ నొక్కుడు పడదు.

చీటీ_తెచ్చు గురించి ఒక్క మాట. పీడీఎఫ్‌లో 'తిరిగిచ్చిన స్ట్రింగును పిలిచినవారు ఫ్రీ చేయాలి' అని ఉంది. సీటైప్స్ సంగతి అర్థమైంది. స్విగ్‌లోనే ఉంటే ఎలా?

పటమట_పాత_సీ

ఆ ఫంక్షన్ ముందు %న్యూఆబ్జెక్ట్ చీటీ_తెచ్చు; అని రాయండి. స్విగ్ మామూలుగా చార్ స్టార్‌ని పైథాన్ స్ట్రింగుగా కాపీ చేసి, అసలుదాన్ని అలాగే వదిలేస్తుంది. ఈ మాట రాస్తే కాపీ అయ్యాక ఫ్రీ కూడా పిలుస్తుంది. సీ ప్లస్ ప్లస్ మోడులో కంపైల్ చేస్తే మాత్రం ఫ్రీకి బదులు డిలీట్ పిలుస్తుంది, మీ లైబ్రరీ మాలక్ చేసింది కాబట్టి అది తప్పు. సీ మోడులోనే ఉంచండి. లేదా న్యూఫ్రీ టైప్‌మ్యాప్ మీరే రాసుకోండి.

యార్డుకి తీసుకెళ్లే ముందు ఇంకో పని. లైబ్రరీ సోర్సు లేకపోయినా వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టే టూల్) కింద నడపొచ్చు. పైథాన్‌మాలక్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని మాలక్ అని పెట్టి నడిపితే పైథాన్ సొంత జాగాల గోల చాలావరకు తగ్గుతుంది. రెండొందల తూకాలు వేసి చిట్టా పిలవండి. హద్దు దాటిన రాతని అది జరిగిన క్షణంలోనే పట్టి చూపిస్తుంది.

మిర్చియార్డు_కాటా

వాల్‌గ్రైండ్ కింద 212 తూకాలతో నడిపాను, చాలా నెమ్మదిగా నడిచింది కానీ ఒక్క హద్దు తప్పు కూడా చూపలేదు. సోమవారం పొద్దున యార్డులో పెట్టాను. సాయంత్రం ఏడింటికి చిట్టా పిలిచి, వేమన్ (తూకం చూసే మనిషి) చేత్తో రాసుకున్న పుస్తకం పక్కన పెట్టుకుని ఇద్దరం ఒక్కో బరువూ చదువుకుంటూ పోల్చాం. అన్నీ కలిశాయి. మెమరీ పొద్దున ఎంత ఉందో అంతే ఉంది.