సిజేరియన్ తర్వాత నొప్పికి ట్యాప్ బ్లాక్ చాలునా, క్యూఎల్ కావాలా?

మద్దిలపాలెం మత్తు వైద్యుడు:
రాత్రంతా శ్వాసను గమనించే సిబ్బంది లేక మా థియేటర్‌లో స్పైనల్‌లో (వెన్నులో ఇచ్చే మత్తు సూదిలో) శ్వాసను మందగింపజేయగల మార్ఫిన్ కలపడం లేదు. సిజేరియన్ ముగియగానే ఇరువైపులా ట్యాప్ బ్లాక్ (పొట్టగోడ నరాలను మొద్దుబార్చే సూది) ఇస్తున్నాము. కోత మంట తగ్గుతున్నది గానీ, గర్భాశయం ముడుచుకునే నొప్పితో బాలింతలు తెల్లవార్లూ మూలుగుతున్నారు. ఇక క్యూఎల్‌కు (నడుము వెనుక క్వాడ్రేటస్ లంబోరమ్ కండరం పక్కన ఇచ్చే బ్లాక్‌కు) మారడమే మేలని నా వాదన.

పెదవాల్తేరు మత్తు వైద్యురాలు:
డాక్టర్ గారూ, ట్యాప్‌లో మందు ఇంటర్నల్ ఆబ్లిక్, ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ అనే పొట్టగోడ కండరాల నడుమ పొరలో పడుతుంది. అక్కడ నడిచే నరాలు పొట్టగోడవే కనుక, 2001లో రఫీ అనే వైద్యుడు నడుము పక్కనుండే పెటిట్ త్రికోణం గుండా ఇచ్చిన నాటి నుంచీ అది లోపలి నొప్పిని ఆపింది లేదు. 2007లో బ్లాంకో అనే వైద్యుడు ప్రతిపాదించిన క్యూఎల్‌లో మందు వెన్నుపూసల పక్క సందులోకి పాకి ఆ నొప్పినీ తగ్గిస్తుందని ఆశ, అయితే ఆ పాకడం ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉంటుంది. కొందరికి తొడ కండరం బలహీనపడుతుంది. బిడ్డను ఎత్తుకుని మంచం దిగే తల్లి మోకాలు మడతపడితే ఏమి చెప్తాము? స్పైనల్‌లో మార్ఫిన్ 100 మైక్రోగ్రాములు ఇచ్చి గమనించగలిగిన చోట ఈ బ్లాకులతో అదనంగా ఒరిగేది స్వల్పమే.

గాజువాక సర్జన్:
పైపొట్ట తెరిచిన రోగికి మామూలు ట్యాప్ అందదు, పక్కటెముకల కిందుగా ఇచ్చే సబ్‌కాస్టల్ పద్ధతి కావాలి. వెన్ను పక్క కండరం కింద ఇచ్చే ఎరెక్టర్ స్పైనీ బ్లాక్ 2016లో ఛాతీ నరాల నొప్పికి మొదలై ఇప్పుడు పొట్టకూ వచ్చింది, కానీ పెద్ద కోతకు నేను ఇప్పటికీ వెన్నులో సన్నని గొట్టం ద్వారా మందు ఇచ్చే ఎపిడ్యూరలే అడుగుతాను.

పెదవాల్తేరు మత్తు వైద్యురాలు:
అది వేరే సంగతి, సార్. సిజేరియన్‌లో నన్ను భయపెట్టేది మోతాదు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే తల్లుల్లో 40 కిలోల వారూ ఉంటారు, మొద్దుబార్చే మందు బుపివకైన్ 0.25 శాతానిది ఇరువైపులా 20 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కిస్తే 100 మిల్లీగ్రాములు, కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున లెక్కగడితే ఆమెకు 80 దాటకూడదు, పైగా స్పైనల్‌లో ఇచ్చినది అదనం. ట్యాప్‌కైనా క్యూఎల్‌కైనా ఇదే లెక్క. ఇంతకీ మీ బాలింతలకు డైక్లోఫెనాక్, పారాసిటమాల్ వేళకు పడుతున్నాయా?

మద్దిలపాలెం మత్తు వైద్యుడు:
కేస్‌షీట్లు తిరగేశాను, మేడమ్. రాత్రి మోతాదు దగ్గర ‘నొప్పి అంటే ఇవ్వండి’ అని ఉంది, అదీ నా చేతిరాతే. దానిని ముందు సరిచేస్తాను. అప్పటికీ మూలుగు తగ్గకపోతే, నడక పరీక్షించి మంచం దించే నియమం పెట్టి క్యూఎల్ ఇచ్చి చూస్తాను. అక్కడ మీతో నాకు ఇంకా ఏకాభిప్రాయం లేదు.