షష్టిపూర్తికి పాటలు పేర్చాలి, మూడు తరాలకీ నచ్చేలా ఎలా?

ప్రశ్న (కాకినాడ కాజా):
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా నాన్నగారి షష్టిపూర్తి. ఫంక్షన్ హాల్లో పాటల బాధ్యత నా నెత్తిన పడింది. నానమ్మకి త్యాగరాజ కీర్తనలు కావాలి, నాన్నకి ఘంటసాల, పిల్లలకి బీటున్న పాటలు. అన్నీ ఒకే ప్లేలిస్టులో కలిపి షఫుల్ పెడితే అక్క గృహప్రవేశంలో జరిగిందే మళ్ళీ జరుగుతుంది. అక్కడ పాలు పొంగుతున్న వేళకి ఎవడో ప్రేయసి వదిలేసిందని ఏడ్చే పాట వచ్చింది! ఎలా పేర్చుకోవాలి?

జవాబు (తెనాలి అబ్బాయి):
ముందు షఫుల్ ఆపేయండి. పాతవి, కొత్తవి, క్లాసికల్ అని పాటల్ని కాదు, ఫంక్షన్‌ని భాగాలు చేయండి. చుట్టాలు వచ్చి కూర్చునే వేళకొకటి, భోజనాలకొకటి, సాయంత్రం పిల్లల గోలకొకటి. పురోహితుడు మంత్రాలు చదువుతున్నప్పుడు మాత్రం ఏ పాటా వద్దు. సన్నాయి వాళ్ళుంటే వాళ్ళకి వదిలేయండి.

భోజనాలు రెండు గంటలనుకుంటే, పాటకి 4 నిమిషాల చొప్పున 30 పాటలు. రెండో బంతి ఎప్పటికి లేస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి 45 పెట్టుకోండి.

జవాబు (వీణ మామ్మ):
నాయనా, మూడు తరాల్నీ కలపాలంటే ఒక రాగం పట్టుకో. మోహన సులువు. స రి గ ప ధ, అయిదే స్వరాలు. మ, ని ఉండవు. సంగీతం రానివాళ్ళ చెవికి కూడా ఇట్టే అందుతుంది.

త్యాగరాజస్వామి 'నను పాలింప నడచి వచ్చితివో'తో మొదలుపెట్టు. చుట్టాలు నడిచొచ్చే వేళకి అంతకంటే తగిన కీర్తన నాకు తట్టడం లేదు. తర్వాత పూచి శ్రీనివాస అయ్యంగారి 'నిన్నుకోరి' వర్ణం (కచేరీ మొదట్లో పాడే రకం రచనలే) వీణ మీదో వయొలిన్ మీదో వాయించింది వెయ్యి. ఆయనది తమిళనాడులోని రామనాథపురం, వర్ణం మాత్రం తెలుగు! దాని వెనకే 1957 మాయాబజార్‌లోని 'లాహిరి లాహిరి'. ఆ వెంటనే ఘర్షణలో ఇళయరాజా కట్టిన 'నిన్ను కోరి వర్ణం'. పల్లవి ఎత్తుకోవడమే ఆ పాత వర్ణం మాటతో, రాగమూ అదే. కీర్తన నుంచి డ్రమ్ముల దాకా నాలుగు మెట్లలో దిగిపోతావు, ఎక్కడా గతుకు తగలదు.

అలాగని రోజంతా మోహనే మోగిస్తే మొహం మొత్తుతుంది. అయిదారు పాటలకోసారి రాగం మార్చు.

కాకినాడ కాజా:
మామ్మగారూ, ఈ ఆలోచన అద్భుతం. కానీ నాకు రాగాలు పోల్చుకోవడం రాదండీ. మిగతా పాటలు ఎలా కలపను?

తెనాలి అబ్బాయి:
పాట నడక, అంటే వేగం, చూసుకోండి. పాట వింటూ 15 సెకన్లు కాలితో తాళం వేసి, ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. పక్కపక్క పాటల అంకెలు దగ్గరగా ఉంటే చాలు. 70 తర్వాత 130 వేశారంటే తింటున్నవాళ్ళకి పొలమారుతుంది. ఇంకోటి, యాప్‌లో ఒక్కో పాటకి ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో రకంగా ఉంటుంది. దొరకలేదని వదిలేయకుండా రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. పాత పాట పేరుతో రీమిక్స్ దూరిపోతుంది, జాగ్రత్త. ప్రతిదీ ఒకసారి పూర్తిగా వినండి.

జవాబు (మైకుసెట్టు తమ్ముడు):
అన్నా, నావి సెట్టింగుల ముచ్చట్లు. పాత రికార్డు వెనకాల కొత్త సినిమా పాట వస్తే సౌండ్ ఒక్కసారి పెరిగి పెద్దోళ్ళు ఉలిక్కిపడతారు. చాలా యాప్‌లలో పాటల సౌండ్ సమానం చేసే ఆప్షన్ ఉంటుంది, ఆన్ చెయ్. ఒక బాక్సు హాల్లో, ఒకటి వరండాలో పెడతారు కదా, స్టీరియో పాటైతే వరండాలో సగం వాయిద్యాలే వినపడొచ్చు. ఫోన్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి మోనో ఆడియో పెట్టు.

పాటలన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ ఒక్కటే ఆన్ చెయ్. లేకపోతే అక్షింతలు వేసే టైంకి 'లోన్ కావాలా సార్' అని హాలంతా మోగుతుంది. నాకైంది.

కాకినాడ కాజా:
అందరికీ థాంక్సండీ. నిన్న రాత్రి మామ్మగారి వరస నానమ్మకి వినిపించాను. ఘర్షణ పాట దాకా తొడ మీద తాళం వేస్తూనే ఉంది. పిల్లల జాబితా మొదలవగానే కళ్ళజోడు తీసేసి పడుకోవడానికి లేచింది. ఆవిడ ఇంటికెళ్ళాకే మూడో జాబితా తీస్తాను.