విండోస్‌లో పైథాన్, బాష్ అమర్చుకోవడం ఎలా?

ప్రశ్న (హనుమకొండ): అందరికీ నమస్కారం. విండోస్ 11లో పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను ఇన్‌స్టాల్ చేసినా, కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోంది. కాలేజీ ల్యాబ్‌లో ఉన్నట్టు బాష్ షెల్ (లినక్స్‌లో కమాండ్లు కొట్టే ప్రోగ్రాం) కూడా కావాలి. దయచేసి దారి చెప్పగలరు.

జవాబు (కాజీపేట): పైథాన్ ఫోల్డర్ పాత్‌లో (ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేరలేదు. ఇన్‌స్టాలర్‌ను మళ్లీ తెరిచి, మాడిఫై నొక్కి, తర్వాతి తెరల్లో పైథాన్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు చేర్చే గడిలో టిక్ పెట్టండి. ఆపైన కొత్త విండో తెరవండి, ఎందుకంటే ముందే తెరిచి ఉన్న విండోకు ఈ మార్పు తెలియదు.

జవాబు (కరీంనగర్): బాష్‌కు డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే సదుపాయం) మేలని నా గట్టి నమ్మకం. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూఎస్‌ఎల్ ఇన్‌స్టాల్ కమాండ్ ఇస్తే ఉబుంటు అనే లినక్స్ వస్తుంది. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్, అంటే ఒక సిస్టమ్‌లో మరొకటి నడిపే వీలు, ఆన్ చేసి ఉండాలి. ప్రాజెక్టు ఫైళ్లను సీ డ్రైవ్‌లో కాకుండా ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచితే పని చాలా వేగంగా సాగుతుంది. ఉబుంటు అడిగే పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెరపై చుక్కలు కూడా కనబడకపోవచ్చు. కంగారు పడకుండా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.