మంచు లేని చోట పెంగ్విన్లు గుడ్లు ఎలా నిలుపుకుంటాయి?

తీరపక్షి:
ముంబై బైకుల్లా జూలో హంబోల్ట్ పెంగ్విన్లను ఏసీలో ఉంచుతారు కదా, అందుకే అవీ అంటార్కిటికావే అనుకుంటారు చాలామంది. నిజానికి అవి పెరూ, చిలీ తీరాలవి. ఎండ కాసే ఒడ్డున గుడ్లు ఎలా నిలుస్తాయో తెలిసినవాళ్లు చెప్పండి.

అలలలెక్క:
ముందు నీళ్ల సంగతి చూడాలండీ. పెరూ పక్కన హంబోల్ట్ ప్రవాహం, నమీబియా, దక్షిణాఫ్రికాల పక్కన బెంగ్వేలా. రెండూ చల్లనివే, కాబట్టి సార్డీన్లు, నెత్తళ్లు పుష్కలం. భూమధ్యరేఖ దగ్గరున్న గలాపగోస్‌లో కూడా ఫెర్నాండినా, ఇసబెలా దీవుల లావా పగుళ్లలో గుడ్లు పెడతాయి. ఎల్‌నినోకు నీళ్లు వేడెక్కితే మాత్రం మేత ఉండదు. 1982-83లో అక్కడి పెంగ్విన్లలో నాలుగింట మూడు వంతులకు పైగా పోయాయి.

గూడుగోల:
నీళ్లు చల్లనైనా ఒడ్డున ఎండ ఎండే. ఆఫ్రికన్ పెంగ్విన్ తరతరాల రెట్ట పేరుకుని గట్టిపడిన గ్వానోలో బొరియ తవ్వుకునేది. 1840లలో నమీబియా తీరాన ఇచబో దీవి మీద జనం ఎగబడి, ఎరువు కోసం దాన్ని రాయి తేలేదాకా గీకి ఓడలకెత్తారు. మిగతా దీవులదీ అదే గతి. ఇప్పుడు ఆరుబయట పెట్టాల్సి వస్తోంది. పెట్టేది రెండు గుడ్లు, ఆడా మగా వంతులేసుకుని దాదాపు 40 రోజులు పొదగాలి. ఎండకు తాళలేక పక్షి లేచి నీళ్లలోకి వెళ్లిందా, కెల్ప్ గల్ అనే సముద్రపు కాకి వచ్చి గుడ్డు ఎత్తుకుపోతుంది.

నీలిరెక్క:
అందుకే గూళ్లు చేసి పెడుతున్నారు. మొదట్లో పెట్టిన ఫైబర్‌గ్లాస్ గూళ్లు ఎండకు పొయ్యిలా కాగేవి. తర్వాతివి సిరామిక్ పూసిన గుడ్డతో రెండు పొరలుగా చేసి, గాలి ఆడేలా రంధ్రాలు ఉంచినవి. ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే: పొద నీడ ఉండాలి, వాన నీరు నిలవకూడదు. పిల్లల నూగు తడికి ఆగదు, గూట్లోకి నీళ్లొస్తే చలికి చచ్చిపోతాయి.

తీరపక్షి:
గూళ్లు పెడితే సంఖ్య పెరుగుతుందా?

అలలలెక్క:
చేప లేకపోతే ఎంత మంచి గూడైనా దండగే. ఆఫ్రికన్ పెంగ్విన్లు 10,000 జంటలు కూడా మిగల్లేదు. 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతిని అత్యంత ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. 2025లో కోర్టు ఉత్తర్వుతో దక్షిణాఫ్రికాలో ఆరు కాలనీల (పెంగ్విన్లు గుంపుగా గుడ్లు పెట్టే చోట్ల) చుట్టూ సార్డీన్, నెత్తళ్ల వాణిజ్య వేటకు హద్దులు గీశారు. అసలు మందు అది.

గూడుగోల:
అంటార్కిటికా మంచు మీదుండే ఎంపరర్ పెంగ్విన్‌కైతే గూడే లేదు. ఒక్క గుడ్డు, మగది రెండు నెలలకు పైగా పాదాల మీద మోస్తుంది. 2022లో అక్కడి బెల్లింగ్స్‌హాసెన్ సముద్రంలో పిల్లలు ఎదగకముందే మంచు విరిగి, ఐదు కాలనీల్లో నాలుగింట ఒక్క పిల్లా మిగల్లేదు.

నీలిరెక్క:
కేప్‌టౌన్ దగ్గర బౌల్డర్స్ బీచ్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఈకలు రాలి, కదలకుండా నిలబడ్డ పెంగ్విన్ జబ్బుపడింది కాదు. ఈకలు మార్చుకునే ఆ మూడు వారాలూ నీళ్లలో దిగదు, తినదు, ఒంట్లో కొవ్వే ఆధారం. దాన్ని నీళ్లలోకి తోలకండి, చెక్కదారి దిగకండి.