అప్‌డేట్: వెన్లాఫాక్సిన్ ఆపాక తలలో షాక్‌లు, ఇప్పుడు తగ్గాయి

డిప్రెషన్‌కి వాడే వెన్లాఫాక్సిన్ మందు 75 నుంచి 37.5 మి.గ్రా.కి దిగినప్పుడు ఏమీ కాలేదు, పూర్తిగా ఆపగానే కళ్లు పక్కకి తిప్పితే చాలు తలలో కరెంట్ కొట్టినట్టవుతోంది, డిప్రెషన్ మళ్లీ వచ్చిందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

జబ్బు తిరగబెట్టలేదు, మందు మానడం వల్ల వచ్చిన లక్షణాలేనని సైకియాట్రిస్ట్ తేల్చారు. ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే షాక్‌లు, తల తిరగడం, పిచ్చి కలలు మొదలవడమే గుర్తట. దిగులు తిరగబెడితే మామూలుగా మెల్లగా, వారాల మీద వస్తుందట. మళ్లీ 37.5 వేసుకోమన్నారు, మర్నాటికే తల కుదుటపడింది.

రోజు విడిచి రోజు వేసుకోమన్న సలహాకి ఆవిడ ససేమిరా అన్నారు. ఈ మందు ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి మానిన ప్రతిరోజూ అదే బాధ. పనిచేసింది ఫ్లూఆక్సెటిన్ అనే మరో డిప్రెషన్ మందుకి మారడం. అది వారాల తరబడి ఒంట్లో నిలిచి, నెమ్మదిగా దిగిపోతుంది. ఇది మాత్రం సొంతంగా చేయకండి, రెండూ కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం ఎక్కువై ప్రమాదం.

షాక్‌లకి కారణమేమోనని చేయించుకున్న మెడ ఎక్స్‌రే, బి12 విటమిన్ టెస్టు రెండూ నార్మల్. ఆ డబ్బులు దండగే.

ఇప్పుడు ఏ మందూ లేదు, షాక్‌లూ లేవు. సాయంత్రాలు కాస్త చిరాకు ఉంది, వచ్చే నెల మళ్లీ చూపించుకోమన్నారు.