రెండేళ్ళు లేని ఫిట్స్ తమ్ముడికి మళ్ళీ వచ్చింది. మీకు ఏం పడదో, ఎట్టా చూసుకుంటుండారో చెప్పండి

కోవూరు అక్క:
అందరికీ నమస్కారం. మాది కోవూరు పక్కన పల్లె. మా తమ్ముడికి 24 ఏళ్ళు, ఇంటర్ చదివేటప్పుడు మొదటిసారి ఫిట్స్ వచ్చింది, అప్పట్నించి లెవిపిల్ 500 (లెవెటిరాసెటమ్ మందు) పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకుంటుండాడు. రెండేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు, ఇంక పోయిందిలే అనుకున్నాం. పోయిన గురువారం తెల్లారుజామున రొయ్యల గుంట కాడ పడిపోయాడు. ఏరియేటర్లు (గుంట నీళ్ళకి గాలి పెట్టే మిషన్లు) తిరుగుతుండాయో లేదో చూడను గట్టు మీద నడస్తా పోతున్నాడంట, ఒక్క అరుపు అరిచి పడ్డాడంట. నీళ్ళకి మూరెడు దూరం. అటు పక్కకి పడుంటే ఏమయ్యేదో రాయడానికి కూడా చెయ్యి రావడంలా. ఆడుండే పనోళ్ళు మంచోళ్ళే, పాపం భయంతో చేతిలో తాళాల గుత్తి పెట్టారు, నోట్లో గరిటె కాడ దూర్చారు, పన్ను కొస విరిగింది, పెదవి చీలింది. అమ్మ అప్పట్నించి అన్నం సరిగా తినలా. మందులు వాడుతున్నా ఎందుకొచ్చింది? మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉంటే ఏం చేస్తే వస్తుండాయో, ఏం చేస్తే తగ్గినయ్యో చెప్పండి, డాక్టర్ దగ్గరికి సోమవారం పోతాం, ఏం అడగాలో కూడా తెలీడంలా.

టంగుటూరు రైతు:
అమ్మా, నాకు 19 ఏళ్ళ నించి ఉంది, నేను టెగ్రిటాల్ అనే ఫిట్స్ మాత్ర వాడతా. నా అనుభవం ఒకటే చెప్తా, నిద్ర. మాది పొగాకు. సంక్రాంతి దాటినాక బ్యారన్‌కి (పొగాకు వేడితో ఆరబెట్టే కొట్టం) ఆకు ఎక్కిస్తే ఐదారు రోజులు మంట ఆరకూడదు, వేడి ఎక్కువైనా తక్కువైనా ఆకు రంగు పోయిద్ది, రేటు పడిపోయిద్ది, అందుకని రాత్రంతా పొయ్యి కాడ కూర్చునేవాణ్ణి, గంటకోసారి థర్మామీటర్ చూసుకుంటా. వరసగా మూడేళ్ళు ఆ సీజన్లోనే నాకు ఫిట్స్ వచ్చినయ్. మావోళ్ళు పొగ పడట్లేదన్నారు, ఒకాయన గాలి సోకిందన్నాడు, మా అమ్మ చేత రెండు వేలు ఖర్చు పెట్టించి తాయెత్తు కట్టించాడు. చివరికి డాక్టర్ గారు ఒక చిన్న నోటు పుస్తకం చేతికిచ్చి వచ్చిన రోజు, టైము, ముందు రోజు ఎన్ని గంటలు పడుకున్నావు, ఏం తిన్నావు, మాత్ర ఎప్పుడు వేశావు ఇవన్నీ రాయమన్నారు. నాలుగు నెలలు రాశా. నాలుగుసార్లు వస్తే నాలుగుసార్లూ ముందు రాత్రి మూడు గంటలు కూడా పడుకోలేదు. ఇప్పుడు రాత్రి కాపలా మా తమ్ముడిది, పగలు నాది. ఆరేళ్ళు దాటింది, రాలేదు. మీ వాడు తెల్లారుజామున గుంట కాడ ఉన్నాడంటే రాత్రంతా మేలుకునే ఉండుంటాడు, ముందు అది కనుక్కో తల్లీ.

మెడికల్ షాపు, కావలి:
అక్కా నేను ఫార్మసీ చేశా. ముందు షీటు లెక్కపెట్టండి. ఏ తేదీన కొన్నారు, ఎన్ని మాత్రలు ఉండాలి, ఎన్ని ఉన్నయ్. మందు పనిచెయ్యట్లేదు అని వచ్చేవాళ్ళలో మాత్ర తప్పినవాళ్ళే నేను ఎక్కువ చూశా. ఇంకోటి, జ్వరానికో విరేచనాలకో మధ్యలో వేరే మందులు ఏమన్నా వాడాడా? సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్స్, నొప్పులకిచ్చే ట్రమడాల్ ఇవి ఫిట్స్ ఉన్నోళ్ళకి పడవు, వచ్చే అవకాశం పెంచుతయ్. చాలామంది షాపుకొచ్చి "మోషన్స్‌కి బిళ్ళ ఇవ్వన్నా" అంటారు గానీ ఫిట్స్ ఉందని చెప్పరు, సిగ్గుపడతారు. దయచేసి ఏ డాక్టర్ దగ్గరైనా ఏ షాపులోనైనా మొదటి మాట అదే చెప్పండి. కంపెనీ కూడా మాటిమాటికి మార్చొద్దు, మార్చాల్సొస్తే డాక్టర్‌ని అడిగి మార్చండి. డబ్బుకి ఇబ్బందైతే జన ఔషధిలో లెవెటిరాసెటమ్ చాలా తక్కువకి దొరుకుద్ది, అది కూడా అడిగే మొదలుపెట్టి ఇంక అదే వాడండి.

పొదిలి అమ్మ:
మా పాప సంగతి వేరే, అయినా చెప్తా, ఎవరికన్నా పనికొస్తది. తొమ్మిదేళ్ళప్పుడు ఆదివారం ఆదివారం తలంటు పోసేటప్పుడు ఏదో అయ్యేది. కుంకుడు రసం పెట్టి రుద్ది, కాగులో నీళ్ళు చెంబుతో తల మీద గబగబా పోస్తంటే పాప ఉలుకూపలుకూ లేకుండా గోడకేసి చూసేది, కుడిచెయ్యి గౌను అంచుని పట్టుకుని నలుపుతా ఉండేది, పిలిస్తే పలకదు. ఒక నిమిషం. తర్వాత "ఏందమ్మా" అనేది ఏమీ ఎరగనట్టు. నేను కుంకుడు కళ్ళల్లో పడిందనుకున్నా. ఒక్కోసారి ఇంకొంచెం పొయ్యమని తనే అడిగేది కూడా, అదేంటో మాకు తెలియలా. ఒక ఆదివారం పూర్తిగా పడిపోయి కొట్టుకుంది. ఒంగోల్లో చూపిస్తే డాక్టరమ్మ మొదట అడిగిందే "నీళ్ళు ఎంత వేడిగా పోస్తారు?" అని, నాకు ఆశ్చర్యమేసింది. వేడినీళ్ళ మూర్ఛ అంట, మన దక్షిణాదిలో ఎక్కువ చూస్తారంట, కర్ణాటకలో మరీనంట, బెంగుళూరు నిమ్హాన్స్ ఆస్పత్రి డాక్టర్లు దీని మీద బాగా పనిచేశారని చెప్పింది. ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళే, ముందు ఒళ్ళు తడిపి తర్వాత తల, చెంబుతో దిమ్మరించకుండా నిదానంగా, తలంటు రోజు ముందుగా ఒక మాత్ర రాసిచ్చింది. తలుపు గడియ పెట్టనియ్యం. పాపకిప్పుడు పదమూడేళ్ళు, స్కూలుకి పోతంది, కబడ్డీ ఆడతంది.

కోవూరు అక్క:
కావలి తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే షీట్లు లెక్కపెట్టా. వాడు నిద్రపోతుంటే గుంటకి తీసకపోయే బ్యాగు తీసి చూశా. ఈ నెల 1న కొన్నవి, 11 మాత్రలు ఎక్కువ ఉండాయి. లేపి అడిగితే తల దించుకున్నాడు. రాత్రి మాత్ర వేస్తే మత్తుగా ఉంటదంట, కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే అరగంటలో జెనరేటర్ వెయ్యకపోతే రొయ్య తేలిపోద్ది, ఓనరు నమ్మి అప్పజెప్పిన గుంట, నిద్రపడితే ఎట్టా అని వాడే మానేశాడంట. అంటే మాత్రా లేదు, నిద్రా లేదు. టంగుటూరు అన్నా, మీరు చెప్పింది కూడా నిజమైంది. నాకు కోపం రాలా, వాణ్ణి పట్టుకుని ఏడ్చా. రెండు నెలలుగా చెప్పకుండా లోపలే పెట్టుకున్నాడు.

నెల్లూరు కుర్రోడు:
అక్కా మీ తమ్ముడికి ఇది చూపించండి. బ్రో, నేనూ అదే మందు వాడుతున్నా, నాకు 26. నీకు మత్తే, నాకు కోపం. చిన్న మాటకి కూడా ఒళ్ళు మండేది, ఒకరోజు మా నాన్న మీదకి చెయ్యెత్తా, ఆ రాత్రంతా నా మీద నాకే అసహ్యమేసింది. నేనేదో చెడిపోయాననుకున్నా. డాక్టర్‌కి చెప్తే ఈ మందుతో కొందరికి చిరాకు, దిగులు వస్తయ్యి, ముందే చెప్పాల్సింది కదా అన్నారు, డోసు సర్దారు, నెలలో మామూలయ్యా. మందు వల్ల ఏమన్నా ఇబ్బంది ఉంటే మార్చడానికి ఇంకా చాలా మందులున్నయ్, చెప్తే చాలు, నీ అంతట నువ్వు మానేస్తే మాత్రం ఉన్నట్టుండి ఆపినందుకే పెద్దగా వస్తది, ఆగకుండా వచ్చే ప్రమాదం కూడా ఉంది. నాకు స్కూల్లో ఒకసారి అసెంబ్లీలో వచ్చింది, తర్వాత పదో తరగతి అయ్యేదాకా నా పక్కన బెంచీలో ఎవుర్నీ కూర్చోనిచ్చేవాళ్ళు కాదు, అంటుకుంటదని. అంటుకునేది కాదని ఎవురూ ఆ పిలకాయలకి చెప్పలా. అందుకే నేనూ చాన్నాళ్ళు దాచా. ఇప్పుడు పనిచేసే చోట ముగ్గురికి చెప్పి పెట్టా, ప్రాణం తేలికైంది.
బండి సంగతి కూడా చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. లైసెన్సుకిచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా అని అడుగుతారు, లేదని సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారు. నేను పెట్టలా. ఆత్మకూరు బస్టాండ్ దాకా షేర్ ఆటోలోనే పోతా.

కందుకూరు సిస్టర్:
నర్సుగా 14 ఏళ్ళు. ఆ గరిటె సంగతి చదివినప్పట్నించి మనసు ఊరుకోలా. తాళాలు, ఉల్లిపాయ, చెప్పు వాసన ఇవేవీ ఫిట్స్‌ని ఆపవు, చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుద్ది, అప్పుడు చేతిలో ఏదుంటే దానివల్ల ఆగిందనుకుంటారు. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు కూడా పోయొద్దు, నాలుక మింగేస్తారనేది అబద్ధం. కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవద్దు. తల కింద తువ్వాలు పెట్టి, చొక్కా బొత్తాలు వదులు చేసి, పక్కనున్న రాళ్ళూ కర్రలూ తీసేసి, కొట్టుకోవడం తగ్గంగానే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చొంగ బయటికి పోతది. ఫోన్లో టైము చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోసారి వచ్చినా, నీళ్ళల్లో పడినా, గర్భిణీ అయినా 108కి చెయ్యండి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఒకటుంది, డాక్టర్ రాసిచ్చి ఎట్టా కొట్టాలో చూపిస్తారు, మీది పల్లె కాబట్టి తప్పకుండా అడగండి. గుంట కాడ పనోళ్ళందరికీ ఇది ఒకసారి చేసి చూపించమ్మా, చదివి వినిపిస్తే గుర్తుండదు.

కావలి కోడలు:
నేను ఎక్కడా చెప్పలేదు ఇది. పెళ్ళప్పుడు మావాళ్ళు దాచారు. మాత్రలు కాగితంలో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టుకునేదాన్ని, రాత్రి అందరూ పడుకున్నాక చెయ్యి దూర్చి వెతుక్కోవడం, గింజల చప్పుడుకి అత్తమ్మ లేస్తదేమోనని గుండె దడ. చుట్టాలొచ్చిన రోజు వేసుకోవడం కుదిరేది కాదు. పెళ్ళైన ఏడో నెలలో వంటింట్లో పొయ్యి పక్కనే పడ్డా, చెయ్యి కాలింది. పెద్ద గొడవ, పంచాయితీ, పుట్టింటికి పంపించారు. మా ఆయన రెండు వారాలకి ఒక్కడే వచ్చి "జబ్బుకి కాదు, దాచినందుకు బాధపడ్డా" అన్నాడు. మూర్ఛ ఉంటే పెళ్ళి రద్దు చేసుకోవచ్చనే మాట హిందూ వివాహ చట్టంలో ఉండేది, 1999లో తీసేశారు, అది మా లాయరు చెప్పాకే తెలిసింది. అయినా ముందే చెప్పి చేసుకోండి, ఆ బియ్యం డబ్బా బతుకు ఎవరికీ వద్దు.
ఆడపిల్లలు ఇంకోటి వినండి, నాకు వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు ఉండేది. అది కడుపులో బిడ్డకి మంచిది కాదు, బిడ్డకి అవకరాలు రావొచ్చు. అందుకని పిల్లలు కావాలనుకున్నప్పుడే ముందుగా డాక్టర్‌కి చెప్పి నిదానంగా వేరే మందుకి మారా, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టా. నెల తప్పాక భయపడి మందులు మానేసేవాళ్ళని చూశా, అట్టా చెయ్యొద్దు, తల్లికి ఫిట్స్ వస్తే బిడ్డకీ ప్రమాదమే. మా బాబు ఇప్పుడు యూకేజీ.

స్వర్ణాల చెరువు:
మా నాన్నకి ఉంది. రంజాన్‌లో ఉపవాసం ఉంటానని పట్టుబట్టేవారు, మాత్రల టైమంతా తారుమారు అయ్యేది, సహర్‌కి (తెల్లారకముందు తినే భోజనం) లేచేసరికి నిద్ర కూడా సగమే. రెండేళ్ళు వరసగా ఆ నెలలోనే పడ్డారు. డాక్టరూ, మా మసీదు పెద్దాయనా ఇద్దరూ జబ్బు మనిషికి మినహాయింపు ఉందని కూర్చోబెట్టి చెప్తే విన్నారు, ఇప్పుడు ఉపవాసానికి బదులు రోజుకొకరికి భోజనం పెట్టిస్తారు. అక్కా, నెల్లూరు దర్గా కాడ చెరువులో మొక్కు రొట్టెలు మార్చుకునే రొట్టెల పండుగకి రండి, మీ తమ్ముడి పేరు మీద ఆరోగ్య రొట్టె పట్టుకోండి, నేనూ మా నాన్నకి పట్టా. మాత్ర మాత్రం ఆ రోజు కూడా టైముకి వెయ్యండి, జనంలో ఎండలో ఎక్కువసేపు నిలబెట్టొద్దు.

మార్కాపురం మాస్టారు:
నాకు 41వ ఏట హఠాత్తుగా వచ్చింది. స్కాన్ తీస్తే మెదడులో చిన్న ఉంగరం లాంటి మచ్చ. పురుగు తిత్తి అన్నారు. మేం మాంసం ముట్టం, ఎట్టా వచ్చిందండీ అంటే, పేగుల్లో బద్దెపురుగు (టేప్‌వార్మ్) ఉన్న మనుషుల మలం నుంచి ఆ గుడ్లు నీళ్ళ ద్వారా, సరిగా కడగని ఆకుకూరల ద్వారా ఎవరికైనా వస్తాయని చెప్పారు. ఆల్బెండజోల్ వాళ్ళ పర్యవేక్షణలోనే ఇచ్చారు, ఎవరూ సొంతంగా నులిపురుగుల బిళ్ళలా మింగొద్దు, మెదడులో వాపు వస్తది. మచ్చ పోయాక ఫిట్స్ మందు కూడా వాళ్ళే నిదానంగా తీసేశారు. స్కాన్ ఎప్పుడో ఎనిమిదేళ్ళ క్రితం తీసిందైతే మళ్ళీ అవసరమా అని అడగండి. రెండు మూడు మందులు సరిగా వాడినా ఆగనివాళ్ళు ఆశ వదలొద్దు, మా బంధువుల అబ్బాయికి తిరువనంతపురం శ్రీచిత్ర ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు, బాగున్నాడు.

కోవూరు అక్క:
నెల్లూరు పొగతోటలో డాక్టర్‌కి చూపించుకుని ఇప్పుడే వచ్చాం. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని పోయా, డాక్టర్ గారు అంతా చదివి వాణ్ణే అడిగారు నన్ను కాదు, వాడూ దాచకుండా చెప్పాడు. మందు అదే ఉంచారు, రాత్రిపూట పని వద్దన్నారు, నిద్ర సరిపోయినాక కూడా పగలు మత్తు ఉంటే అప్పుడు చూద్దామన్నారు. స్ప్రే రాసిచ్చారు. ఓనరుకి నేనే ఫోన్ చేశా, భయపడతా భయపడతా. ఆయన కాసేపు మాట్లాడలా, తర్వాత "ఆ మాట ముందే చెప్పుంటే వాణ్ణి ఒంటరిగా గట్టు మీదకి పంపేవాణ్ణా అమ్మా" అన్నాడు. రేపట్నించి పగలు మేత, చెక్ ట్రేలు (రొయ్య మేత తిందో లేదో చూసే పళ్ళేలు), అది కూడా ఇంకో మనిషి తోడుగా. అమ్మ ఈ రోజు అన్నం తినింది.
వచ్చే బుధవారం ఈఈజీ (తలకి వైర్లు పెట్టి మెదడు చూసే పరీక్ష), ముందు రాత్రి నాలుగు గంటలే పడుకోనిచ్చి తీసకరమ్మన్నారు. నిద్ర తక్కువైతేనే వచ్చింది కదా, భయంగా ఉంది. ఎవరన్నా చేయించుకున్నారా?

పొదిలి అమ్మ:
మా పాపకి చేశారు, నిద్ర తక్కువగా ఉంటేనే ఆ గీతల్లో తేడా బాగా కనపడుద్దంట, నొప్పేమీ ఉండదు. ముందు రోజు తలస్నానం చేయించు, పొద్దున తలకి నూనె రాయొద్దు, వైర్లు అంటుకోవు. డాక్టర్ ఆపమంటే తప్ప మాత్ర మానొద్దు. ఆ రాత్రి మీరిద్దరూ వంతులేసుకుని వాడి పక్కనే కూర్చోండి, ఒంటరిగా వదలొద్దు. వచ్చేటప్పుడు బండి మీద కాదు, ఆటోలో మధ్యలో కూర్చోబెట్టుకుని తీసకరా.